కనబడని జబ్బుకీ చోటివ్వాలి

మా చిన్నాడపడుచుకి మల్టిపుల్ స్క్లెరోసిస్. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే నరాల జబ్బు. మనిషి చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. నాలుగడుగులు వేసేసరికి కాళ్లు బరువెక్కుతాయి, ఎండ తగిలితే మరీను.

మొన్న ఆసుపత్రికి తీసుకెళ్తే చక్రాల కుర్చీ బొమ్మ గీసిన చోట స్కూటర్లు బారులు తీరి ఉన్నాయి. ఆటోని మెట్ల దాకా రానివ్వమంటే వాచ్‌మన్ ఆమెని ఎగాదిగా చూసి, "బాగానే ఉన్నారుగా, నడవండమ్మా" అన్నాడు. లోపలికి చేరేసరికి నా భుజం మీద వాలిపోయింది. "వదినా, చేతిలో కర్ర ఉంటే నమ్మేవాడేమో" అంది.

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఈ జబ్బూ, పార్కిన్సన్స్, తలసీమియా, హీమోఫిలియా అందులో ఉన్నాయి. బస్టాపుల్లో, రైల్వేస్టేషన్లలో వీళ్లకి అనువైన పార్కింగు, టికెట్ కౌంటర్లు ఉండాలని కూడా చెప్పింది.

చట్టం సరే, "రెండు నిమిషాలేగా" అంటూ ఆ బొమ్మ మీద బండి ఆపేది మన ఇంట్లోవాళ్లే. వెనక సీట్లో కూర్చున్న మనమే "వద్దండీ, అవతల పెట్టండి" అనలేమా?