ఏ నీళ్లకి ఏ జగ్గు?

(నీళ్ల ముచ్చట – 6వ భాగం)



పోయిన భాగం చదివాక మా విద్యార్థులు కొందరు ఫోన్ చేశారు. అంబేడ్కర్ జయంతికి తలా కొంత చందా వేసుకుని, బోరు నీళ్లు తాగే ఒక మాదిగపల్లెలో ఇంటికొక ఫిల్టర్ జగ్గు పంచుదామని వాళ్ల ఆలోచన. "ఏ కంపెనీది బాగా పనిచేస్తుంది సార్?" అని అడిగారు.

పిల్లల మనసు మంచిది. అందుకే ఫోన్లో ఒక పేరు చెప్పి వదిలేయకుండా ఇక్కడ రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తా. ఆ పల్లె నీళ్లలో ఏముందో కాగితం మీద తేలేదాకా ఒక్క జగ్గు కూడా కొనొద్దు.

ఎందుకో చెప్తా. బ్రిటా లాంటి జగ్గు లోపల ఉండేది రెండే సరుకులు. ఒకటి కొబ్బరి చిప్పల్ని కాల్చి చేసిన యాక్టివేటెడ్ కార్బన్, అంటే ఒక రకం బొగ్గు. రెండోది అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ పూసలు. బొగ్గు క్లోరిన్ వాసన లాగేస్తుంది. రెజిన్ నీటి కాఠిన్యాన్ని, సీసం, రాగి లాంటి లోహాల్ని కొంతవరకు తగ్గిస్తుంది. మునిసిపాలిటీ శుద్ధి చేసి పంపిన నీళ్లకి తయారైన వస్తువు ఇది. కంపెనీ వాళ్లే ఆ మాట రాసుకున్నారు. కంపెనీని నేను తప్పు పట్టడం లేదు. చెప్పిన పని చెప్పిన నీళ్లలో అది చేస్తుంది.

కాబట్టి "బాగా పనిచేస్తుందా" అనేది సగం ప్రశ్నే. దేన్ని తీస్తుంది? ఎంత తీస్తుంది? ఎన్ని లీటర్లదాకా తీస్తుంది? ఈ మూడూ అడగాలి. అమెరికాలో ఎన్ఎస్ఎఫ్ ప్రమాణాలే దీన్ని రెండుగా విడదీశాయి. 42వ నంబరు ప్రమాణం రుచికి, వాసనకి. 53వ నంబరు ఆరోగ్యానికి హాని చేసే వాటికి. డబ్బా మీద 42 మాత్రమే ఉంటే, దాని అర్థం నీళ్లు కమ్మగా ఉంటాయని. అంతకు మించి ఏమీ లేదు.

ఇక లీటర్ల లెక్క. అక్కడి మామూలు కాట్రిడ్జ్ ఆయుష్షు సుమారు 150 లీటర్లు. ఇంట్లో ఐదుగురు, మనిషికి మూడు లీటర్లు అనుకోండి. రోజుకి 15 లీటర్లు. పది రోజుల్లో కాట్రిడ్జ్ అయిపోతుంది. పదకొండో రోజు కొత్తది ఎవరు కొంటారు? జయంతి అయిపోయాక చందా డబ్బా మళ్లీ తిరుగుతుందా? పాత కాట్రిడ్జే నెలల తరబడి ఉంటే క్లోరిన్ లేని ఆ తడి బొగ్గులో సూక్ష్మజీవులు ఇల్లు కట్టుకుంటాయి.

అసలు సమస్య ఇంతకంటే లోతుగా ఉంది. మన బోరు నీళ్లలో చాలా చోట్ల ఉన్నది ఫ్లోరైడ్. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా జనం ఎముకల్లో ఫ్లోరోసిస్‌ని డాక్టర్లు గుర్తించి రాశారు. నల్లగొండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. దానికి రంగు లేదు, వాసన లేదు, అంత కొద్దిపాటి మోతాదులో నాలుకకి తెలిసే రుచీ లేదు. కాచితే పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది. దాన్ని తీయాలంటే ఆర్ఓ కావాలి, లేదా యాక్టివేటెడ్ అల్యూమినా కావాలి, లేదా పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతి కావాలి. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఆ పద్ధతికి ప్రపంచంలో ఉన్న పేరే 'నల్గొండ టెక్నిక్'. బొగ్గు జగ్గు ఈ పనికి పుట్టింది కాదు.

ఇప్పుడు ఆ జగ్గు పల్లెలోకి వెళ్తే ఏమవుతుందో ఊహించండి. నీళ్ల వాసన పోతుంది. టీ మీద తెట్టు తగ్గుతుంది. "నీళ్లు బాగున్నాయి బిడ్డా" అని అవ్వ మిమ్మల్ని దీవిస్తుంది. ఫ్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోదు. నిన్నటిదాకా "ఈ నీళ్లు నోట పెట్టలేకపోతున్నాం" అని పంచాయతీ ఆఫీసు ముందు బిందెలతో కూర్చున్న ఆడవాళ్లకి ఇవాళ అడగడానికి కారణం కనబడదు. రోగం అలాగే ఉంటుంది, దాన్ని పట్టిచ్చే సాక్షి మాయమవుతుంది. నా భయం ఇదే.

కొందరు టీడీఎస్ మీటర్ కొని కొలుద్దాం అంటున్నారు. ఆ పెన్ను లాంటిది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. అంతే. చిటికెడు ఉప్పు వేస్తే అంకె గంతులేస్తుంది. మురుగు నీళ్లు చుక్క కలిస్తే కదలదు. 600 అని చూపించిన నీళ్లలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో లేదో అది చెప్పలేదు. ఇక ఇంటికొచ్చి నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తే గోధుమ రంగు మడ్డి తేలుతుందే, అది మీ నీళ్లలోని విషం కాదు. కడ్డీలోని ఇనుము కరిగి తేలిన తుప్పు. ఆర్ఓ నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు, అందుకని రంగు మారదు. సైన్సు విద్యార్థులు ఈ గారడీని పల్లెల్లో విప్పి చూపించండి. అదీ ఉద్యమమే.

శుద్ధి అనే మాటతో మనకి పాత లెక్క ఒకటుంది. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు పేడ, మూత్రం, పాలు, పెరుగు నింపిన 108 కుండల్ని ఆ చెరువులో ముంచి "శుద్ధి" చేశారు. వాళ్ల మీటరు నీళ్లలో ఏముందో కొలవలేదు, ఎవరు తాగారో కొలిచింది. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే ఇది తాగే నీళ్లని అడ్డం చెప్పారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు ఆరుగురు మాదిగల్ని చంపారు. మన నేల మీద నీటి నాణ్యత గురించి అడిగిన మనుషులు వాళ్లు. ఆ వారసత్వం ఉన్నవాళ్లం మనం, జగ్గు పంచి ఇంటికి పోదామా?

"అయితే సర్కారు కదిలేదాకా పిల్లలు ఆ నీళ్లే తాగాలా సార్?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తాగొద్దు. అందుకే ఈ వారమే పని మొదలుపెట్టండి. శుభ్రమైన సీసాల్లో రెండు నమూనాలు పట్టండి. ఒకటి ఊళ్లోని కుళాయిది, ఒకటి పల్లె చివరి కుళాయిదో బోరుదో. జిల్లా నీటి పరీక్షల ల్యాబ్‌కి ఇవ్వండి. ఫ్లోరైడ్, నైట్రేట్, ఈ-కోలి, ఈ మూడూ రాసి ఇమ్మనండి. సూక్ష్మజీవుల పరీక్షకి సీసా ల్యాబ్ వాళ్ల దగ్గరే తీసుకోండి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకి కిట్‌తో పరీక్ష నేర్పాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, వాళ్లలో మన పల్లె ఆడబిడ్డ ఉందో లేదో అడగండి.

ఈ-కోలి అయితే నీళ్లు మరగకాచాలి, లేదా మోతాదు ప్రకారం క్లోరిన్ బిళ్ల వేయాలి. అది ఆ రాత్రే చేయొచ్చు. ఫ్లోరైడ్ అయితే తాగడానికి, వంటకి వేరే నీళ్లు తేవాలి. మీ చందా మొదటి నెల ఆ నీళ్లకి పెట్టండి. ఏమీ లేదు, ఉన్నది క్లోరిన్ వాసన ఒక్కటే అని తేలితే, కాట్రిడ్జ్‌ల డబ్బుతో సహా లెక్క వేసుకుని జగ్గులు కొనండి. నాకు అభ్యంతరం లేదు.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పెద్దక్షరాలతో రాసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి. గ్రామసభలో చదవండి. ఊరి నీళ్లకీ పల్లె నీళ్లకీ తేడా ఉంటే, అది ఏ ఫిల్టరూ తీయలేనిది. దాన్ని తీయాల్సింది మనమే.

రిపోర్టులు వచ్చాక నాకు ఫోటో పంపండి. వచ్చే భాగంలో వాటిని ఎలా చదవాలో రాస్తాను.

జై భీమ్.