మంచులో కనబడని కొండ

మన పాఠశాలలలో ప్రకృతిచిత్రము గీయుమన్నచో ఏ బాలుడును సంశయింపడు. రెండు కొండలు, వాని నడుమ సూర్యుడు, ఒక కొబ్బరిచెట్టు, ఒక యేరు. పది నిమిషములలో చిత్రము సిద్ధము. ఆ కొండను అతడెన్నడును చూచియుండడు. చూచితివా యని ఉపాధ్యాయుడును అడుగడు. ఈ యలవాటును మాన్పుటకు పుష్యమాసపు మంచు ఉదయమును మించిన సాధనము లేదు.

కంఠస్థము చేసిన కొండ మంచులో పనికిరాదు. గాలిలో తేలు సన్నని నీటిబిందువులు వెలుతురును నలుదిక్కులకు చెదరగొట్టుటచే దూరపు వస్తువు తన గాఢతను కోల్పోయి ఆకాశపు వన్నెలో కలిసిపోవును. ఆకుపచ్చనిదని తెలిసిన చెట్టే బూడిదవన్నెతో, ఒక్కొక్కప్పుడు ఊదాఛాయతో కనబడును. తెలిసినది వేయవలెనా, కనబడునది వేయవలెనా? బాలుడు అక్కడనే తేల్చుకొనవలెను. మంచనగా తెల్లరంగు కలిపిన బూడిదరంగే యనుకొనువారు పెద్దలలోను కలరు.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనె 1899 మొదలు 1901 వరకు మూడు పర్యాయములు లండను నగరమునకు పోయి, బొగ్గుపొగ కలిసిన అచ్చటి మంచులో థేమ్సు నదిని, వంతెనలను, పార్లమెంటు భవనమును చిత్రించెను. వెలుతురు మారిన కొలది చేతిలోని పటమును విడిచి, ఆ వెలుతురునకు సరిపడు వేరొక పటమును వెదకి అందుకొనెడివాడు. అట్లు మొదలిడినవి దాదాపు నూరు. వానిలో 37 చిత్రములు 1904లో పారిస్‌లో ప్రదర్శింపబడినవి. వంతెనలను హోటలు గదినుండియే చిత్రించెను గదా, పెక్కింటిని జివెర్నీలోని చిత్రశాలలో ముగించెను గదా యని ఆక్షేపింపవచ్చును. కిటికీ వెనుకనున్నను ఆ కన్ను మంచుపైననే నిలిచినది, అది చాలును.

పని మాత్రము సుకరము కాదు. చెమ్మగాలిలో నీటిరంగు ఎంతకును ఆరదు. ఆరకమునుపే రెండవ పూత వేసినచో రెండును కలిసి పారును. కావున దూరపు గట్టును తడికాగితముపై పలుచగా ముందు వేసి, దగ్గరి చెట్టును కొంత ఆరిన పిమ్మట గాఢముగా వేయవలెను. పెద్ద కాగితము పట్టినవాడు ఒక మూల నింపులోపలనే ఎండ వచ్చి మంచు విడిపోవును. అరచేతి వెడల్పు కాగితము మేలు.

బడిగంట మ్రోగునప్పటికి మంచు నిలువదు. ఒక్క ఆదివారమైనను ఉపాధ్యాయుడు తెల్లవారగనే పిల్లలను చెరువుగట్టునకు రమ్మనవలెను. వారు తెచ్చిన కాగితములపై కొండ లేకున్నచో మార్కులు తగ్గింపరాదు.