చివరి ఘడియల్లో నర్సు మాట

కోలుకునే ఆశలేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపే ప్రక్రియను సుప్రీంకోర్టు 2023 జనవరిలో సరళం చేసింది, మంచిదే. అయితే చికిత్స ఆపాలో వద్దో తేల్చే ప్రాథమిక, ద్వితీయ వైద్య బోర్డులు రెండింటిలోనూ వైద్యులే, నర్సుకు చోటు లేదు. వెంటిలేటర్ తీశాక గరగరలాడే గొంతు శుభ్రం చేసేదీ, ఎండిన పెదవులు తడిపేదీ, ‘ఇంకెంతసేపు సిస్టర్?’ అన్న కొడుక్కి జవాబు వెతుక్కునేదీ ఆమే. అర్ధరాత్రి నొప్పి ముదిరితే మార్ఫిన్ ఆదేశం కోసం ఫోన్ పట్టుకుని నిలబడాలి. ఈలోగా పక్క మంచాల పిలుపులు ఆగవు. దాడికి గురై అచేతనంగా మిగిలిన ముంబై నర్సు అరుణా శాన్‌బాగ్‌ను తోటి నర్సులే నాలుగు దశాబ్దాలు కంటికి రెప్పలా చూసుకున్న దేశమిది! బోర్డు నివేదికలో నర్సు పరిశీలనను తప్పనిసరి చేయాలి. నొప్పి తగ్గించే మందుల ఆదేశాలు రాత్రి డ్యూటీ మొదలయ్యేలోపే కేస్‌షీట్‌లో ఉండాలి. వాటిని అమలుచేయడానికి వార్డులో సరిపడా చేతులుండేలా చూడటం ఆరోగ్యశాఖల బాధ్యత.