మా ముల్లంగి సలాడ్ కొరియాది కాదా?

ఈ ఏడాది మా పాఠశాలలో నిప్పు లేని వంటల పోటీ పెట్టారు. మేము నలుగురం కలిసి కొరియా వాళ్ల ముల్లంగి సలాడ్ చేశాం. అక్కడ దాన్ని ‘ముసెంగ్‌చే’ అంటారు. తిన్నవాళ్లు బాగుందన్నారు. ఒక్క మాట మాత్రం మాకు గుచ్చుకుంది: “ఇది కొరియాది ఎలా అవుతుంది? ముల్లంగి ఇక్కడి సంతది, కారం మీ ఇంటిది.” అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు రాస్తున్నాం.

ముందు వంట సంగతి. కొరియాలో అన్నం చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో పెట్టుకుని నంజుకునేవాటిని ‘బాంచన్’ అంటారు. వాటిలో కిమ్చి పేరు అందరికీ తెలుసు, కానీ అది ఊరాలి. ఊరబెట్టకుండా కలిపిన పూటే తినేవీ ఉన్నాయి. క్యాబేజీతో చేసే ‘గొట్జొరి’ అలాంటిదే. మన లెక్కలో కిమ్చి ఆవకాయ అయితే గొట్జొరి దోసావకాయ. బదిలీ ఉత్తర్వు వచ్చాక ఊరగాయ జాడీని సామాన్లలో ఎక్కడ సర్దాలో తెలియక అమ్మలు పడే అవస్థ మనందరం చూసిందే. అందుకే మేము అప్పటికప్పుడు కలిపేదాన్ని ఎంచుకున్నాం.

ముల్లంగిని అగ్గిపుల్లల్లా తరిగి, ఉప్పు, కొద్దిగా పంచదార చల్లి 15 నిమిషాలు వదిలేయాలి. దిగిన నీళ్లు పిండేసి, కారం, దంచిన వెల్లుల్లి, ఉల్లికాడలు, ఒక చెంచా వెనిగర్ వేసి చేత్తో కలపాలి. పైన వేయించిన నువ్వులు చల్లాలి. (నువ్వులు ఇంట్లోనే వేయించి తెచ్చాం. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.) మొదటిసారి ఇంట్లో చేసినప్పుడు కొరియా కొలత ప్రకారం చెంచాలు లెక్కపెట్టి గుంటూరు కారం వేశాం. ఎవరూ రెండో ముద్ద ముట్టలేదు. వాళ్ల మిరపపొడి ‘గొచుగారు’ బరకగా ఉంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. తర్వాత కాశ్మీరీ మిరపపొడికి మారాం.

ఇక ఆ ప్రశ్న. అసలు మిరపే కొరియాది కాదు, మనదీ కాదు. అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చింది, మన దేశానికి పోర్చుగీసు వాళ్లు తెచ్చారు. అది రాకముందు కిమ్చిలో కారమే లేదు.

ఇంకా గట్టి జవాబు క్యారెట్‌లో దొరికింది. 1937లో సోవియట్ ప్రభుత్వం తన తూర్పు సరిహద్దు దగ్గర ఉంటున్న 1,70,000 మందికి పైగా కొరియన్లను రైళ్లెక్కించి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లకు తరలించింది. దాన్ని మన ఇళ్లలో బదిలీలతో పోల్చడం లేదు. మనకు జాయినింగ్ టైం ఉంటుంది, ఆలస్యంగానైనా క్వార్టర్ దొరుకుతుంది. వాళ్లది బలవంతపు ప్రయాణం, చాలామంది ప్రాణాలే పోయాయి. కొత్తచోట కిమ్చికి కావలసిన క్యాబేజీ దొరకలేదు. క్యారెట్లు దొరికాయి. వాటినే సన్నటి పోగుల్లా తరిగి, ధనియాల పొడి, కారం, వెల్లుల్లి, వెనిగర్ వేసి, పైన కాగిన నూనె పోసుకున్నారు. దాని పేరు ‘మొర్కొవ్‌చా’. ముందు సగం రష్యన్‌లో క్యారెట్, వెనక సగం కొరియన్‌లో తరుగు. అక్కడి బజార్లలో ఇవాళ్టికీ దాన్ని ‘కొరియా క్యారెట్’ అనే అమ్ముతారు.

వాళ్లు కొరియన్లు కదా, మీరు కారు కదా అని అడగొచ్చు. నిజమే. అందుకే చీటీ మీద ‘కొరియా పద్ధతి సలాడ్’ అని రాశాం. ఉప్పుతో నీళ్లు దించడం, చేత్తో కలపడం, ఆ పూటే తినడం ఏదీ మానలేదు. సరుకు మాత్రం ఈ ఊరిది. ఆ సంగతి దాచకూడదు, కానీ దాన్ని పట్టుకుని వంటకాన్నే కొట్టిపారేయడం న్యాయం కాదని మా వాదన.

మాకు ఇంత పట్టుదల ఎందుకంటే, మాలో ఒకరి అమ్మగారు గోంగూర దొరకని ఊళ్లో పాలకూరలో చింతపండు వేసి పచ్చడి చేసేవారు. రెండేళ్లు ఇంట్లో అందరూ దాన్ని గోంగూర పచ్చడి అనే తిన్నారు. సెలవుల్లో ఊరెళ్లి చెబితే చుట్టాలు నవ్వారు. ఆ తర్వాత అమ్మగారు దాన్ని మళ్లీ చేయలేదు.

వచ్చే ఏడాది క్యారెట్‌ది చేస్తాం. కాగిన నూనె పోయాలి కాబట్టి పోటీకి పనికిరాదు, ఆ పని మేమూ పెద్దవాళ్లకే వదిలేస్తాం. ఇంట్లో చేయించుకుని టిఫిన్ డబ్బాలో తెస్తాం. ఆ మాట అన్నవాళ్లకూ ఒక చెంచా పెడతాం, ఈలోగా మాలో ఎవరికీ బదిలీ రాకపోతే.