సిస్టరమ్మల దినచర్య, మన మీద ఉన్న బాధ్యత

ఉదయం పామర్రు కూడలిలో బస్సు కోసం నిలబడేవారిలో బుర్ఖా ధరించిన మన ఆడపిల్లలు ఉంటారు. లేత రంగు చీర కట్టి, తలపై ముసుగు వేసుకున్న సిస్టరమ్మలూ ఉంటారు. బందరు, విజయవాడ, గుడివాడ, చల్లపల్లి దారులు కలిసే చోటు కనుక ఒకరు కళాశాలకు, ఒకరు బడికి, మరొకరు ఆసుపత్రికి వెళ్ళవలసి ఉంటుంది. ఇరువురూ తరచుగా ఒకే బస్సు ఎక్కుతారు, ఒక్కొక్కసారి ఒకే సీటులో కూర్చుంటారు. అయినా ఆ సిస్టరమ్మ ఎక్కడ ఉంటుంది, ఎలా బ్రతుకుతుంది, ఎందుకు ఆ జీవితాన్ని ఎంచుకుంది అన్నది మన ఇళ్ళలో తెలిసినవారు తక్కువ.

తెలియని చోట ఊహలు మొలుస్తాయి. “పెళ్ళి కుదరక అటు పోయారట”, “ఒకసారి లోపలికి వెళితే బయటకు రానివ్వరట” వంటి మాటలు మన ఆడవాళ్ళ మధ్య వినిపిస్తుంటాయి. అనుమానాలలో చాలా భాగం పాపానికి దారితీస్తాయని, ఏదైనా వార్త చేరితే నిజానిజాలు విచారించుకోమని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో మనకు బోధించింది. ఆ బోధన పొరుగువారి విషయంలోనూ వర్తిస్తుంది. అందుకే ఈ నెల ఈ శీర్షికలో వారి జీవితం గురించి మాకు తెలిసిన మేరకు వివరించి, అందులో మనం ఆలోచించవలసినదేమిటో చెప్పదలిచాము.

కాన్వెంటు అంటే ఏమిటి?

మన ఊళ్ళలో కాన్వెంటు అంటే ఇంగ్లీషు మీడియం బడి అన్న అర్థం స్థిరపడిపోయింది. నిజానికి అది సిస్టర్లు కలిసి నివసించే ఇంటి పేరు. బడి ఆ ఇంటి పక్కన వెలిసింది కనుక పేరు బడికి అంటుకుంది. ఆ స్త్రీలలో రెండు తరగతులున్నాయి. కొందరు ఆవరణ దాటకుండా ప్రార్థనలోనే జీవితం గడుపుతారు. కార్మెలైట్ సంఘం అటువంటిది. మన ప్రాంతంలో మనకు కనిపించేవారు ఎక్కువగా రెండవ తరగతివారు. వీరు బడులు, ఆసుపత్రులు, వసతిగృహాలు, వృద్ధాశ్రమాలు నడుపుతారు. ప్రతి సంఘానికీ వేరు పేరు, వేరు నియమావళి ఉంటాయి. విజయవాడలో 1962లో మేరీస్ స్టెల్లా కళాశాలను స్థాపించిన ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సంఘం మన దేశంలోనే, 1877లో ఊటీలో ఒక ఫ్రెంచి వనిత చేతుల మీదుగా పుట్టింది. గుంటూరులో జె.ఎం.జె. అని పిలుచుకునే సంఘం 1822లో నెదర్లాండ్స్‌లో ఆరంభమై, 1904లో గుంటూరుకు వచ్చింది.

ఒక అమ్మాయి సిస్టరు కావడం ఒక్క రోజులో జరిగే పని కాదు. ముందు కొంతకాలం సంఘంతో కలిసి ఉండి చూడాలి. ఆ తరువాత నొవిషియేట్ అనే శిక్షణ. దానికి చర్చి చట్టం ప్రకారం పదిహేడేళ్ళు నిండాలి, శిక్షణ కనీసం పన్నెండు నెలలు సాగాలి. అటుపైన తాత్కాలికంగా వ్రతం తీసుకుంటారు. ఆ గడువు కొన్ని సంవత్సరాలు. గడువు తీరినప్పుడు వద్దనుకుంటే ఇంటికి వెళ్ళిపోవచ్చు, సంఘం కూడా వద్దనవచ్చు. చివరిగా ఇరవై ఒక్క ఏళ్ళకు తక్కువ కాని వయసులో జీవితాంతపు వ్రతం. బలవంతంతోగాని, భయపెట్టిగాని, మోసగించిగాని చేయించిన వ్రతం చెల్లదని అదే చట్టం చెబుతుంది. కనుక మన ఇళ్ళలో తిరిగే మాటలకు ఆధారం తక్కువ.

తెల్లవారుజాము నుండి రాత్రి వరకు

సంఘాన్ని బట్టి వేళలు మారినా, దినచర్య రూపం దాదాపు ఒకటే. సుమారు ఐదు గంటలకు లేవడం, కొంతసేపు మౌనధ్యానం, ఉమ్మడి ఉదయ ప్రార్థన, గురువు అందుబాటులో ఉంటే దివ్యపూజ. ఆ తరువాత అల్పాహారం, ఇంటి పనులు. ఎనిమిదీ తొమ్మిదీ అయ్యేసరికి ఒకరు తరగతి గదిలో, ఒకరు వార్డులో, ఒకరు వంటశాలలో, ఒకరు లెక్కల పుస్తకం ముందు ఉంటారు. మధ్యాహ్నం కాసేపు ఆగి, ఆ పూట తాము చేసిన తప్పొప్పులను ఆత్మపరిశీలన చేసుకుంటారు. సాయంత్రం మళ్ళీ ప్రార్థన, జపమాల. రాత్రి భోజనం అయ్యాక అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి కొంత సమయం. పడుకునే ముందు ఆఖరి ప్రార్థన, అటుపైన మౌనం.

ఐదు పూటల నమాజుతో రోజును కొలుచుకునే మనకు ఇందులో పరిచితమైన లయ ఒకటి కనిపిస్తుంది. వారి వేళల ప్రార్థనలో ఎక్కువ భాగం దావూదు ప్రవక్త (అలైహిస్సలాం) పేరిట ఉన్న కీర్తనలే. తలపై ముసుగు కూడా మనకు కొత్త కాదు. రెండవ వాటికన్ మహాసభ (1962-65) తరువాత మన దేశంలో చాలా సంఘాలవారు పాశ్చాత్యుల పొడవాటి అంగీని విడిచి చీరకు మారారు. ముసుగును మాత్రం చాలామంది విడువలేదు.

మూడు మాటపట్టులు

తమ వ్రతాన్ని తెలుగు కతోలికులు మాటపట్టు అంటారు. అవి మూడు: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత.

పేదరికం అంటే తన పేరున సంపద కూడబెట్టుకోకపోవడం. ఉపాధ్యాయినిగా పనిచేసే సిస్టరు జీతం సంఘానికి చేరుతుంది. ఆమె తిండి, బట్ట, మందు, ముసలితనపు సంరక్షణ సంఘం చూసుకుంటుంది. ఎయిడెడ్ బడులలో పనిచేసే సిస్టర్లు, ఫాదర్లు తమ జీతం తమ చేతికి మిగలదు కనుక ఆదాయపు పన్ను కోయరాదని న్యాయస్థానాలకు వెళ్ళారు. జీతం ఎవరికి ఇచ్చినా అది ముందు ఉద్యోగి ఆదాయమేనన్న వాదన గెలిచి, 2024 నవంబరులో సుప్రీంకోర్టు వారి అప్పీళ్ళను కొట్టివేసింది. చట్టం దృష్టిలో అది ఆదాయం, ఆమె దృష్టిలో తనది కాని సొమ్ము. ఆ వ్రతం ఎంత నిజమైనదో ఈ వ్యాజ్యమే చెబుతుంది.

విధేయత అంటే సంఘ పెద్ద ఏ ఊరికి పంపితే ఆ ఊరికి, ఏ పని అప్పగిస్తే ఆ పనికి వెళ్ళడం. ఈ వ్రతానికి ఒక ప్రమాదం కూడా ఉంది. అధికారం ఉన్నవాడు దారి తప్పితే విధేయురాలి నోరు మూతపడుతుంది. గురువుల చేతిలో సిస్టర్లు వేధింపులకు గురైన సంగతులున్నాయని 2019లో అప్పటి పోప్ ఫ్రాన్సిస్ స్వయంగా అంగీకరించారు. దీనిని చూపి వేలెత్తడం సులభం. ఆడపిల్లలను ఉంచి చదివించే మన మదరసాలలో ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక నమ్మకమైన స్త్రీ ఉన్నదా అని చూసుకోవడం అంతకంటే ముఖ్యం.

మన ధర్మం ఏమంటుంది?

ఇక బ్రహ్మచర్యం. ఇక్కడ మన దారి వేరు, దానిని దాచిపెట్టవలసిన అవసరం లేదు. ముగ్గురు సహచరులు ఒకరు రాత్రంతా నమాజు చేస్తామని, ఒకరు నిత్యం ఉపవాసం ఉంటామని, ఒకరు పెళ్ళే చేసుకోమని సంకల్పించినప్పుడు, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని వారించిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. తాను నమాజూ చేస్తానని, నిద్రా పోతానని, ఉపవాసం ఉంటానని, విరమిస్తానని, వివాహమూ చేసుకున్నానని, అదే తన మార్గమని ఆయన స్పష్టం చేశారు. సన్యాసాన్ని తాము విధించలేదని, అది వారు తమంతట కల్పించుకున్నదని హదీద్ సూరాలో అల్లాహ్ తెలియజేశాడు.

అయితే ఆ ఆయతులోనే, ఈసా ప్రవక్త (అలైహిస్సలాం) అనుచరుల హృదయాలలో జాలి, కరుణ ఉంచామన్న మాట కూడా ఉంది. మాయిదా సూరా వారిలోని పండితులను, సన్యాసులను, గర్వం లేనివారని ప్రస్తావించింది. హజ్రత్ అబూబక్ర్ (రజియల్లాహు అన్హు) సైన్యాన్ని సిరియా వైపు పంపుతూ, మఠాలలో ఆరాధనకు అంకితమైన వారి జోలికి పోవద్దని ఆదేశించారు. తల్లి మొక్కుకున్న మొక్కు వలన ఆలయ సేవకు అంకితమై, జకరియ్యా ప్రవక్త (అలైహిస్సలాం) సంరక్షణలో మిహ్రాబులో పెరిగిన హజ్రత్ మర్యం గాథను మనం ప్రేమతో పారాయణం చేస్తాము. విశ్వాసంలో భేదం ఉన్న చోట భేదాన్ని చెప్పడం, గౌరవించవలసిన చోట గౌరవించడం, ఈ రెండూ కలిపి మనకు నేర్పబడినవి.

ఇంకొక విషయం మన సోదరీమణులు గుర్తుంచుకోవాలి. వివాహం మన ప్రవక్త సున్నతు. కాని ఏ కారణంచేతనో పెళ్ళి కాని స్త్రీ బ్రతుకు వృథా అని మన ధర్మం ఎక్కడా అనలేదు. మర్వ్ నగరానికి చెందిన కరీమా బింతె అహ్మద్ జీవితాంతం అవివాహితగానే ఉండి, మక్కాలో సహీహ్ బుఖారీ బోధించారు. దూరదేశాల పండితులు వచ్చి ఆమె వద్ద హదీసు విన్నారు. హిజ్రీ ఐదవ శతాబ్దపు ఆ విదుషీమణిని ఎవరూ “పాపం, పెళ్ళి కాలేదు” అన్న మాటతో గుర్తుపెట్టుకోలేదు.

పర్దా చాటు రోగి, పరదేశపు వైద్యురాలు

ఇప్పుడు మన ఇళ్ళకు నేరుగా సంబంధించిన చరిత్ర ఒకటి. స్కాట్లాండుకు చెందిన డాక్టర్ ఆగ్నెస్ మెక్లారెన్ అనే వైద్యురాలు అరవై ఏళ్ళ ప్రాయంలో కతోలిక మతం స్వీకరించారు. ఉత్తర భారతంలో పర్దా పాటించే ముస్లిం స్త్రీలు మగ వైద్యుని వద్దకు వెళ్ళలేక, ఆడ వైద్యురాలు దొరకక కాన్పులలో ప్రాణాలు కోల్పోతున్నారని ఆమె గ్రహించారు. డెబ్బై దాటిన వయసులో రావల్పిండి వచ్చి స్త్రీల కోసం సెయింట్ కేథరిన్ ఆసుపత్రి ఏర్పాటుకు కారకులయ్యారు. అక్కడ స్థిరంగా పనిచేసేందుకు సిస్టర్లే వైద్యులైతే బాగుండునని ఆమె ఆశ. కాని ఆ రోజులలో సిస్టర్లు వైద్యవృత్తి చేపట్టడానికి చర్చి చట్టం ఒప్పుకొనేది కాదు. రోముకు పలుమార్లు విన్నవించుకుని, ఫలితం చూడకుండానే 1913లో ఆమె మరణించారు.

1915లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో మేరీ గ్లోరీ అనే యువ వైద్యురాలు ఆగ్నెస్ మెక్లారెన్ గురించిన చిన్న పుస్తకం ఒకటి చదివారు. దాని ప్రభావంతో స్త్రీల వైద్యంలో, కంటి వైద్యంలో పై చదువు పూర్తిచేసి, 1920 ఫిబ్రవరిలో మన గుంటూరుకు చేరి జె.ఎం.జె. సంఘంలో ప్రవేశించారు. వ్రతం స్వీకరించాక కూడా వైద్యం చేసేందుకు పోప్ నుండి ప్రత్యేక అనుమతి లభించింది. చిన్న మందుల గదిగా మొదలైన ఆమె సేవ సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా పెరిగింది. స్థానిక స్త్రీలకు నర్సులుగా, మంత్రసానులుగా శిక్షణ ఇచ్చారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. ముప్పై ఏడేళ్ళు ఈ దేశంలో సేవచేసి 1957లో బెంగళూరులో కన్నుమూశారు. మెక్లారెన్ స్ఫూర్తితోనే ఆస్ట్రియాకు చెందిన అన్నా డెంగెల్ 1920లో రావల్పిండికి వెళ్ళి, 1925లో వైద్య సిస్టర్ల సంఘం ఒకటి నెలకొల్పారు. చివరికి 1936లో రోము ఆ పాత నిషేధాన్ని తొలగించింది.

ఈ గొలుసు ఎక్కడ మొదలైందో చూడండి. పర్దా చాటున నొప్పి పడుతున్న ఒక ముస్లిం స్త్రీ వద్ద. ఆమె బాధ స్కాట్లాండు వృద్ధురాలి చెవిన పడింది, మెల్బోర్న్ యువతిని కదిలించింది, గుంటూరులో ఆసుపత్రిగా నిలిచింది. మనవారి చెవిన మాత్రం పడలేదా?

ఫర్జె కిఫాయా ఎవరి మెడపై ఉన్నది?

స్త్రీ రోగి తన దేహాన్ని చూపవలసి వచ్చినప్పుడు ముందు ముస్లిం వైద్యురాలిని, ఆమె దొరకకపోతే నమ్మదగిన అన్యమత వైద్యురాలిని, ఆ తరువాతనే పురుష వైద్యుని ఆశ్రయించాలని ఫిఖ్హ్ పండితులు వరుస చెప్పారు. ఈ వరుసలో మొదటి స్థానం ఖాళీగా ఉంచి, రెండవ స్థానంలోని సిస్టరమ్మ మీద ఆధారపడుతున్న ఊళ్ళు ఎన్నో. సమాజంలో కొందరు నెరవేర్చితే అందరి బాధ్యత తీరిపోయే, ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులయ్యే విధిని ఫర్జె కిఫాయా అంటాము. జనాజా నమాజు ఉదాహరణ మన పిల్లలు కూడా చెబుతారు. స్త్రీలకు వైద్యం చేసే స్త్రీని తయారుచేయడం కూడా ఆ కోవలోనిదేనని ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

ఇది మనకు కొత్త పాఠమూ కాదు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజియల్లాహు అన్హు)ను ప్రవక్త మసీదులోని గుడారంలో ఉంచారు. అక్కడ క్షతగాత్రులకు చికిత్స చేసినది రుఫైదా అనే సహాబియా. సేవకు కావలసినది శిక్షణ, సంకల్పం, వెనుక నిలబడే సమాజం. పెళ్ళి దానికి అడ్డు కాదు. సిస్టర్లకు వెనుక సంఘం నిలబడుతుంది. ఆమె చదువుకు ఖర్చు సంఘానిది, ముసలితనంలో మంచం సంఘానిది. మన అమ్మాయి వెనుక నిలబడవలసినది తండ్రి, భర్త, అత్తగారు, మసీదు కమిటీ.

కనుక పాఠక సోదర సోదరీమణులకు మేము విన్నవించేది నాలుగు మాటలు. మొదటిది, సిస్టర్ల గురించి ఆధారం లేని మాట మీ ఇంట్లో ఎవరైనా అంటే అక్కడే ఆపండి. రెండవది, ఇంటర్ అయిన అమ్మాయి నర్సింగు, వైద్యం, బి.ఇడి. చదువుతానంటే నిఖా సంబంధం పేరుతో ఆ చదువు తెంచవద్దు. సంబంధం మాట్లాడేటప్పుడే చదువు, ఉద్యోగం గురించి స్పష్టంగా షరతు పెట్టుకోవచ్చు. మూడవది, జకాత్ లెక్క కట్టేటప్పుడు, అర్హురాలైన పేద విద్యార్థిని ఫీజును గుర్తుంచుకోండి. నాల్గవది, మన ఆడపిల్లల మదరసాలలో చదువు చెప్పే ఉస్తానీల జీతం చూడండి. సిస్టరు పేదరికాన్ని తానే వ్రతంగా తీసుకున్నది, మన ఉస్తానీ మీద దానిని మనం రుద్దుతున్నాము. ఈ రెండింటికీ తేడా ప్రళయ దినాన మనల్ని అడగవచ్చు.

వారి వ్రతం వారిది. దానిని మనం తీసుకోలేము, తీసుకోమని మన ధర్మం చెప్పలేదు కూడా. కాని వ్రతం వెనుక వారు మోస్తున్న పనిలో మన వంతు ఒకటి ఉంది. పర్దా చాటున బాధపడే తల్లి పిలుపు వినగలిగే చెవులను, ఆమె నాడి పట్టగలిగే చేతులను మన ఇళ్ళలోనే తయారుచేసే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.