ఇంజను సరే... వైరింగ్ ఎవరిది?

హీరోయిన్ కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. బానెట్ ఎత్తితే ఒకటే పొగ. ఎక్కడినుంచో హీరో ఊడిపడతాడు, ఒక వైరు ఇలా లాగి అలా పెడతాడు... బండి స్టార్టు! వెంటనే పాట. ఈ సీనుకి మనం ఎన్నిసార్లు ఈల వేయలేదు! అందులో మరీ అబద్ధం కూడా లేదు లెండి. పాత కార్బ్యురేటర్ బండికి కాయిల్‌లో కరెంటు, గొట్టంలో పెట్రోలు ఉంటే చాలు, ఎలాగోలా ఇల్లు చేరేది. అదే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజను ముందైతే ఆ హీరోగారు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే!

ఈ గొడవంతా ఎందుకంటే, పోయిన వారం నందిగామ కుర్రాడొకడు జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చాడు. వాళ్ల తాతగారి అంబాసిడర్ ఉంది, మార్క్ 4. ఆ మోడల్ వచ్చింది 1979లో, ‘డ్రైవర్ రాముడు’ విడుదలైన ఏడే. (మా రెండు ఊళ్లూ 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోనే ఉన్నాయి మరి, ఆ పేరు ఎత్తకుండా ఎలా?) పాత 1489 సి.సి. ఇంజను రొప్పుతోందట.

“అన్నయ్యా! బెజవాడ ఆటోనగర్‌లో ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజను చూశాను. చెల్లెలి పెళ్లికి పెళ్లికూతుర్ని మా అంబాసిడర్‌లోనే తీసుకెళ్లాలి. అడ్వాన్సు ఇచ్చేయనా?”

“ఇంజను సరే, దాని వైరింగ్ ఏదిరా?”

“అదెంత పని! కోసి కట్ట కట్టి ఇస్తామన్నారు.”

కోసి! ఆ మాట వినగానే నా పాత గాయం సలిపింది. కొన్నేళ్ల క్రితం నేనూ చౌకగా వస్తోంది కదా అని ఒకచోట కోసిన వైరింగే కొన్నాను. రంగులు చూసి అతికించాం, టేపు చుట్టాం. స్టార్టు చేస్తే భలే పలికింది... పదిహేను రోజులు. ఒక రాత్రి విజయవాడ నుంచి వస్తుంటే, చిల్లకల్లు ఇంకా రాకముందే ఇంజను టక్కున ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మ. ఆ వెనక సిమెంటు లారీ. ఆ డ్రైవరు చటుక్కున పక్కకి తిప్పబట్టి మీరు ఈ వారం ఈ శీర్షిక చదువుతున్నారు!

తీరా చూస్తే ఇంజనుది ఏ తప్పూ లేదు. క్రాంక్ సెన్సారు వైరు అతుకు వేడికి వదులైంది. ‘ఇంజను తిరుగుతోంది’ అని ఆ సెన్సారు కబురు పంపుతుంటేనే ఇ.సి.యు. పెట్టె స్పార్కు ఇస్తుంది, పెట్రోలు చిమ్మిస్తుంది. కబురు ఆగిందా, రెండూ బంద్. పైగా ఆ వైరు చుట్టూ వల్లాంటి తొడుగు ఉంటుంది, పక్క వైర్ల గోల సోకకుండా. మేం దాన్ని అతుకు దగ్గర కోసి పారేశాం, తెలివి!

అందుకే అబ్బాయికి చెప్పాను: హార్స్‌పవర్ చూసి ఇంజను కొనకు, వైరింగ్ చూసి కొను. ఇంజను, ఇ.సి.యు., వైరింగ్ హార్నెస్, సెన్సార్లు, ఫ్యూజుల పెట్టె అన్నీ ఒకే బండివి, ఒక్క కోత లేకుండా కావాలి. ఇమ్మొబిలైజర్ ఉన్న బండైతే దాని తాళంచెవి కూడా. ఆ చెవిలోని చిప్పుని గుర్తుపడితే తప్ప ఇ.సి.యు. ఇంజనుని బతకనివ్వదు. కుదిరితే బండిలోంచి విప్పకముందే వెళ్లి చూడాలి. తాళం తిప్పితే ఇంజను లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. ప్లగ్గుల్లో పచ్చటి చిలుము, పెళుసెక్కిన వైరు, ఎలక పళ్ల గుర్తులు... ఒక్కటి కనబడినా బేరం తగ్గించడం కాదు, లేచి వచ్చేయడమే.

ఇంకో చిక్కు. వాడు చూసిన ఇంజను ముందు చక్రాలు తిరిగే బండిది, అడ్డంగా కూర్చునేది. అంబాసిడర్‌లో ఇంజను నిలువుగా కూర్చుంటుంది. ఇక హార్నెస్ ఒకవైపు చాలదు, ఇంకోవైపు వేలాడుతుంది, మళ్లీ కత్తెర! మారుతి జిప్సీ 1300 ఎం.పి.ఎఫ్.ఐ. అయితే నిలువు ఇంజనే, కొంత నయం. నా ఓటు మాత్రం కంపెనీవాళ్లే తర్వాత అంబాసిడర్‌లో పెట్టిన ఇసుజు 1800 ఎం.పి.ఎఫ్.ఐ.కి. దాని హార్నెస్ ఆ బానెట్ కింద కూర్చోడానికే పుట్టింది. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగిపోయింది కాబట్టి వెతకాలి, ధరా ఎక్కువే. విడి ఇ.సి.యు.తో కొత్త హార్నెస్ అల్లించుకోవచ్చు గానీ, ట్యూనింగ్ తెలిసిన మనిషి దగ్గర్లో లేకపోతే అది తలనొప్పే.

పెట్రోలు పంపుకి పాత వైరు వాడొద్దు. ఇంజెక్షన్‌కి సుమారు 3 బార్ల ఒత్తిడి కావాలి, ఆ పంపు లాగే కరెంటుకి సన్న వైరు కాలుతుంది. రిలే, ఫ్యూజు వేసి వేరే లైను లాగాలి. ఇంజను నుంచి బాడీకి లావుపాటి ఎర్తు పట్టీ వేయాలి. ఇవన్నీ కాకముందే ఆర్.టి.ఓ. అనుమతి, ఆ తర్వాత ఆర్.సి.లో కొత్త ఇంజను నెంబరు.

అబ్బాయి మొహం మాడ్చుకుని వెళ్లాడు. నిన్న ఫోను చేశాడు. “అన్నయ్యా, ఇసుజు బండి ఒకటి దొరికింది! వైరింగ్ ఎవరూ కోయలేదు, కానీ...”

“కానీ?”

“ఒకేచోట ఎలక కొరికినట్టుంది. చిన్న ఎలకే.”

ఆదివారం వాడితో వెళ్తున్నాను. అడ్వాన్సు మాత్రం నా జేబులో పెట్టించుకున్నాను.