కంట్లో ఇంజెక్షన్ అంటే హడలిపోకండి

షుగర్ ఉన్న పెద్దవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కాళ్ళ తిమ్మిర్ల గురించి అడుగుతాం, కళ్ళ గురించి అడగం. అడిగినా "చూపు బాగానే ఉందిలే" అంటారు. చిక్కంతా అక్కడే. రెటీనా దెబ్బతినడం మొదలైనప్పుడు నొప్పి ఉండదు, చూపూ తగ్గదు.

సన్నని రక్తనాళాలు మూసుకుపోయి ఆక్సిజన్ అందకపోతే, రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది. కొత్త నాళాలు మొలవడానికి అది సంకేతం. మొలుస్తాయి కూడా, కానీ పెళుసుగా. చిట్లితే కంట్లో రక్తం చేరుతుంది. పాత నాళాలూ కారి, చూపుకి కేంద్రమైన మాక్యులా వాస్తుంది.

ఈ ప్రొటీన్‌ని అడ్డుకునే అవాస్టిన్ 2004లో వచ్చింది, అదీ పేగు క్యాన్సర్ కోసం! మరుసటి ఏడాది మయామీలో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ అనే డాక్టరు, వయసుతో మాక్యులా దెబ్బతిన్నవారికి దాన్నే ఒక్క చుక్కంత కంట్లోకి ఎక్కించి చూశారు. పనిచేసింది. కంటికోసమే తయారైన లూసెంటిస్ 2006లో వచ్చింది. అప్పట్లో డోసు సుమారు 2000 డాలర్లు. అవాస్టిన్ అయితే 50 డాలర్లే. ఆ జబ్బులో రెండూ దాదాపు సమానమని 2011లో అమెరికా ప్రభుత్వ ఖర్చుతో జరిగిన పరిశోధన తేల్చింది. ఆ పోలిక ప్రజల డబ్బుతో చేయాల్సి రావడమే నాకు మింగుడుపడదు.

షుగర్ వల్ల వచ్చే వాపు సంగతి కాస్త వేరు. చూపు కొద్దిగా తగ్గినవాళ్ళకి ఏ మందైనా ఒకటేననీ, బాగా తగ్గినవాళ్ళకి మొదటి ఏడాదిలో ఐలియా మెరుగనీ 2015లో తేలింది. కాబట్టి "చవకది వేస్తారట, మోసమేమో" అనుకునే ముందు, చూపు ఎంత తగ్గిందో డాక్టరుని అడగమనండి.

మా అత్తయ్యగారు మే నెలలో ఇక్కడికి రావాలి. ఈలోగా ఇంజెక్షన్లు కావాలన్నారు. మొదట్లో నెలనెలా వరసగా వేయాలి, మధ్యలో ఆపితే వాపు తిరగబెట్టవచ్చు. విజిటర్ ఇన్సూరెన్సులేమో ముందునుంచీ ఉన్న జబ్బుకి సాధారణంగా పైసా ఇవ్వవు. మా ఆయనా నేనూ రెండు రోజులు వాదించుకుని టికెట్ అక్టోబరుకి జరిపాం. మనవరాలి పుట్టినరోజుకి ఉండలేనని ఆవిడ అలిగారు. అలగనీండి, రేపు దాని మొహం ఆనవాలు తెలియాలిగా!

కొత్త మందుల పోటీ చాలావరకు ఇంజెక్షన్లు తగ్గించడంలోనే. 2022లో వచ్చిన వాబిస్మో వీఈజీఎఫ్‌తోపాటు ఆంజియోపొయిటిన్-2నీ అడ్డుకుంటుంది. కొందరికి నాలుగు నెలలకోసారి చాలు. కంటి కణాలే మందు తయారుచేసుకునేలా జీన్ థెరపీ ప్రయోగాలూ నడుస్తున్నాయి.

సూదికి ముందు చుక్కలతో కన్ను మొద్దుబారుస్తారు, పొడవడం క్షణాల్లో అయిపోతుంది. తర్వాత తెల్లగుడ్డు మీద ఎర్రమచ్చ కనిపిస్తే కంగారుపడొద్దు. నొప్పి పెరిగినా, చూపు మసకబారినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమనండి.